చాంద్‌బీ మానేసిన చెనిక్కాయలు

హిందూపురం వైపు చెనిక్కాయలు తినని మనిషి ఒకరున్నారంటే ఎవరూ నమ్మరు. బయటి ఊళ్లవాళ్లు వేరుశెనగ అనే ఆ కాయ అక్కడ చేలల్లోనే కాదు, వంటింట్లో ప్రతి గిన్నెలోనూ ఉంటుంది. సంగటిలోకి నంజుకునే ఊరిబిండి దాంతోనే చేస్తారు. వంకాయకూర దించే ముందు చల్లే పొడి అదే. చిత్రాన్నంలో పంటికి తగిలేది అదే. వానపడిన సాయంత్రం ఉప్పేసి ఉడకబెట్టి చాటలో పోసుకుని ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చునేదీ దానికోసమే. అట్లాంటి ఊళ్లో పరుపులు కుట్టే లాల్‌సాబ్ తల్లి చాంద్‌బీ పద్నాలుగేళ్లు ఒక్క గింజ నోట్లో వేసుకోలేదు. ఎందుకు వేసుకోలేదో ఆ ఇంట్లో కోడలికి ఒక్కదానికే తెలుసు. తెలిసీ ఊరుకుంది. చెప్పబోయేది ఆ కోడలి గురించే.

కోడలి పేరు కుళ్లాయమ్మ, ధర్మవరం పిల్ల. తండ్రి పట్టుచీరలు నేసేవాడు. కుళ్లాయిస్వామి పీరుకు మొక్కుకుంటే పుట్టిందని ఆ పేరు పెట్టారు. దూదేకుల ఇళ్లల్లో అట్లాంటి పేర్లు మామూలే, రంజాన్‌కు సేమ్యాలు చేసుకున్నట్టే ఉగాదికి ఓలిగలు చేసుకోవడమూ మామూలే. పంతొమ్మిదివందల ఎనభై ఎనిమిదిలో పెళ్లయి హిందూపురం వచ్చేనాటికి ఆమెకు పందొమ్మిదేళ్లు. మాట తక్కువ, పంతం ఎక్కువ. ఈ రెండూ ఒక మనిషిలో చేరితే ఎంత పనవుతుందో అప్పటికి ఎవరికీ తెలియదు.

చాంద్‌బీ మంచి అత్తే. ఆ సంగతి ముందే చెప్పాలి, లేకపోతే అన్యాయమవుతుంది. భారీ మనిషి, గొంతు కూడా అంతే. ఒడిలో ఎప్పుడూ గుప్పెడు వేయించిన చెనిక్కాయ గింజలుండేవి. పొట్టు ఊదుకుంటూ, నములుకుంటూ వీధి పంచాయితీలన్నీ తీర్చేది. కోడలు వచ్చిన మొదటి నెలలో రోలు దగ్గర కూర్చోబెట్టుకుని ఊరిబిండి ఎట్లా నూరాలో నేర్పింది. గింజలు మాడకూడదు, మిరపకాయ మాత్రం కాస్త నల్లబడాలి, చింతపండు చివర్న వెయ్యాలి, మెత్తగా కాకుండా బరకబరకగా ఉండాలి. నూరడం అయ్యాక రోట్లో మిగిలినదాంట్లో వేడి సంగటి ముద్ద దొర్లించి, సగం తాను తిని సగం కోడలి నోట్లో పెట్టేది. పుట్టింట్లో తల్లి లేని కుళ్లాయమ్మకు అట్లా నోట్లో పెట్టినవాళ్లు అంతకుముందు ఎవరూ లేరు.

పెళ్లయిన రెండేళ్లకు మొదటి కడుపు మూడో నెలలోనే పోయింది. తొంభై రెండులో రెండోది ఐదో నెల నిండి, అందరూ ధైర్యం తెచ్చుకున్నాక పోయింది. కుళ్లాయమ్మ ఇరవై రోజులు గోడవైపు తిరిగి పడుకుంది. చాంద్‌బీ పథ్యం వండి పెట్టింది, నీళ్లు కాచి పోసింది, ఒక్క మాట కూడా అనలేదు.

అనకుండా ఉంటే ఈ కథే లేదు. జూన్ నెల వచ్చింది. లేపాక్షి వైపు రైతులు విత్తనాల కోసం కాయల మూటలు తెచ్చి వేస్తే వీధిలో ఆడవాళ్లు కూర్చుని ఒలిచిపెట్టేవాళ్లు. మిషన్లో వేస్తే గింజ చీలిపోతుంది, విత్తనానికి చేత్తో ఒలిచిందే కావాలి. ఆరోజు లాల్‌సాబ్ ఇంటి అరుగు మీద ఐదుగురు కూర్చున్నారు. పక్కింటి నీలావతి కూడా ఉంది. ఎవరో మనవల మాట ఎత్తారు. చాంద్‌బీ చేతిలో కాయ చిట్లించింది. అది తాలుకాయ, లోపల గింజ లేదు. దాన్ని వేళ్లతో పైకెత్తి చూపించి అంది:

"మా ఇంటికొచ్చింది ఇట్లాంటిదే అమ్మా. పైకి సూస్తే కాయే. లోపల ఏమీ ల్యాదు."

ఒకామె నవ్వింది. నీలావతి నవ్వలేదు, ఎందుకంటే గడపలో టీ గ్లాసుల పళ్లెం పట్టుకుని నిలబడిన కుళ్లాయమ్మను ఆమె చూసింది. చాంద్‌బీ కూడా తల తిప్పి చూసింది.  కుళ్లాయమ్మ పళ్లెం కింద పెట్టి లోపలికి పోయింది. గ్లాసులు ఎవరికి వాళ్లే తీసుకున్నారు.

ఆ తర్వాత పది రోజులకు చాంద్‌బీ నీలావతిని వెంటబెట్టుకుని పెనుకొండ పోయి వచ్చింది. మర్నాడు సంగటి పక్కన ఊరిబిండి వడ్డిస్తే చెయ్యి అడ్డం పెట్టింది.

"నాకొద్దు పాపా. ఇంక వెయ్యొద్దు."

ఎందుకని కుళ్లాయమ్మ అడగలేదు. అప్పటికి అత్తతో మాటలు అవసరానికి మించి లేవు. ఆరోజునుంచి ఆమెకు వేరేగా పుట్నాలపప్పుల చట్నీ నూరడం, గింజల పొడి వెయ్యకముందే ఆమె వంతు కూర వేరే తీసిపెట్టడం వంటింట్లో కొత్త పనులయ్యాయి. కోపమొచ్చి నా చేతి ఊరిబిండి మానేసిందనుకుంది కుళ్లాయమ్మ. మానుకుంటే మానుకోనీ అనుకుంది.

తొంభై ఐదులో ధర్మవరంలో ఫరీన్ పుట్టింది. మూడు కిలోల పిల్ల. ఐదో నెలలో పిల్లను తీసుకుని హిందూపురం వస్తే చాంద్‌బీ గడపలోనే ఎత్తుకుని వీధి వీధంతా తిప్పింది. కొడుకు చేత బూరుగు దూదితో అరచేతి మందం చిన్న పరుపు కుట్టించి తొట్లెలో వేయించింది. తొట్లె కట్టిన మర్నాడు నీలావతి కుళ్లాయమ్మను పెరట్లోకి పిలిచి గొంతు తగ్గించి చెప్పింది.

"మీయత్త చెనిక్కాయలు ఇడిసింది ఏంటికో తెలుసునా? నీ కోసరం. నీకు బిడ్డ పుట్టేదాకా ముట్టనని పెనుకొండ బాబయ్య దర్గాలో మొక్కుకున్యాది. నేను పక్కనే ఉండాను."

కుళ్లాయమ్మ తొట్లె ఉన్న వైపు తిరిగి చూసింది.

"ఇంకోమాట ఇను. మొక్కుకున్నోళ్లు నాకు తీర్చండని నోరు తెరిసి అడక్కూడదంట, మీ ఇంటి పద్ధతి అట్ల అని ఆయమ్మే చెప్పింది. ఎవురి కోసరం మొక్కుకున్యారో వాళ్లే పిల్చకపోయి, గురువారం నాడు దర్గా ముందర కూర్చోబెట్టి, వాళ్ల చేత్తో నోట్లో పెట్టల్ల. బిడ్డనెత్తుకొని పోయిరా తల్లీ. నేను చెప్పినానని మాత్రం అనొద్దు."

"సరేలే అక్కా" అంది కుళ్లాయమ్మ.

నిజం చెప్పాలంటే ఆ క్షణంలో ఆమె మనసు కరిగింది. అదే వారం పోదామనుకుంది. కానీ రాత్రి పిల్లకు పాలిస్తూ కూర్చుంటే అరుగుమీది మాట మళ్లీ చెవిలో పడింది. నలుగురి ముందర అన్న మాట అది. ఈ మూడేళ్లలో ఆమె ఒక్కసారి 'తప్పయింది పాపా' అని అన్నదా? అనలేదు. అడక్కూడదనేది మొక్కు గురించి, తప్పయిందని చెప్పడానికి ఏమడ్డం? ముందు ఆ మాట రానీ, తర్వాత చెనిక్కాయలు పెడతా. ఇదీ కుళ్లాయమ్మ లెక్క. బాలింత తల్లి కదా, కోపం కాస్త ఉండనిద్దాం అని మనమూ అనుకోవచ్చు. ఆ కాస్త పదకొండేళ్లు నడిచింది.

అత్త అడగలేదు, కోడలు పెట్టలేదు. లాల్‌సాబ్ ఒకసారి అన్నం దగ్గర అడిగాడు, అమ్మ ఏంటికి తినదు అని. "పడదంట" అంది కుళ్లాయమ్మ, ఆయన మొహం చూడకుండా. అది మొదటి అబద్ధం. ఒకసారి అన్నాక దాన్ని మొయ్యక తప్పలేదు. చుట్టాలు వస్తే పడదంట, డాక్టరు దగ్గరికి పోతే పడదంట. పక్కనే కూర్చున్న చాంద్‌బీ ఆ మాట వింటూ కోడలివైపు చూసేది. ఏదో అడుగుతుందనుకునేది కుళ్లాయమ్మ. ఏమీ అడిగేది కాదు.

ఫరీన్‌కు ఐదేళ్లప్పుడు జరిగింది గుర్తొస్తే కుళ్లాయమ్మకు ఈనాటికీ అన్నం దిగదు. బెల్లంపాకం పట్టి చెనిక్కాయ ఉండలు చేసిందా రోజు. పిల్ల ఒక ఉండ తీసుకుని పరుగెత్తుకుంటూ పోయి, మంచం మీద కూర్చున్న అవ్వ నోట్లో పెట్టింది. చాంద్‌బీ ఉలిక్కిపడి ఉమ్మేసింది. అప్పటికి మోకాళ్లు నొప్పులు, అయినా లేచి తొట్టి దగ్గరికి పోయి నాలుగుసార్లు పుక్కిలించింది. ఫరీన్ బెదిరిపోయి ఏడుస్తూ వచ్చింది.

"అమ్మా, అవ్వకు నేనంటే ఇష్టం ల్యాదు. నేను పెట్టింది ఉమ్మేసింది."

చాంద్‌బీ తడి మొహంతోనే వచ్చి పిల్లను దగ్గరికి తీసుకుంది. "ల్యాదు నాయనా, నీ మింద ఇష్టం ల్యాకుండా ఉంటాదా. అవ్వకు పడదు." కోడలి అబద్ధం ఆమె నోట్లోంచి వచ్చింది. పొయ్యి దగ్గర కూర్చున్న కుళ్లాయమ్మ రెండో వాయి పాకం మాడిపోతున్నా దించలేకపోయింది. తాను కట్టిన గోడ ఇప్పుడు పిల్లకూ అవ్వకూ మధ్య కూడా లేచిందని తెలిసొచ్చింది. సిగ్గుతో చచ్చిపోయినంత పనైంది.

మరి ఆ వారమే పోయి ఉండొచ్చు కదా? పోలేదు. ఇక్కడే మనిషి బుద్ధి చూడండి. అప్పటికి కోపం నిజంగానే పోయింది. దాని చోట్లో ఇంకొకటి వచ్చి కూర్చుంది. ఇప్పుడు పెనుకొండకు పోదామంటే, 'ఐదేళ్లనుంచి నీకు తెలుసునా' అని అత్త అడగదా? మొగుడు అడగడా? తెలిసీ ఊరుకున్నానని ఏ మొహం పెట్టుకుని చెప్పడం? మొదట పంతం వల్ల ఆగిన పని తర్వాత భయం వల్ల ఆగింది. ఒక్కో ఏడు గడిచేకొద్దీ చెప్పాల్సిన మాట మరింత బరువెక్కింది.

ధర్మవరం పాసింజరు హిందూపురం దాటాక పెనుకొండలో ఆగుతుంది. పుట్టింటికి పోయిన ప్రతిసారీ కుళ్లాయమ్మ ఆ స్టేషను రాకముందే కొండ కనబడని వైపుకు జరిగి కూర్చునేది. రెండువేల ఒకటిలో తమ్ముడి పెళ్లికి అత్తను కూడా తీసుకుపోవాల్సొచ్చింది. పెనుకొండలో బండి ఆగింది. చాంద్‌బీ కొంగు నెత్తిమీదికి లాక్కుని, కిటికీలోంచి ఊరివైపు చూసి, రెండు చేతులూ ఎత్తి కళ్లకద్దుకుంది. తర్వాత కోడలి మొహంలోకి చూసింది. చాలాసేపు చూసింది. కుళ్లాయమ్మ వంగి క్యారియరు గిన్నెలు విప్పి, విప్పినవి మళ్లీ బిగించింది. బండి కదిలింది. "ఎండ జాస్తిగా ఉండాది" అంది చాంద్‌బీ. 

తర్వాత చాంద్‌బీకి పళ్లు ఒక్కొక్కటే పోయాయి. పళ్ల తర్వాత జ్ఞాపకం పోవడం మొదలైంది. కూరలో ఉప్పు రెండుసార్లు వేసేది. కొడుకును చూసి, ఎప్పుడో పోయిన మొగుడనుకుని నెత్తిన కొంగు కప్పుకునేది. ఫరీన్‌ను తన చెల్లెలి పేరు పెట్టి పిలిచేది. ఊరు, వీధి, పండగలు అన్నీ కలిసిపోయాయి. ఒక్కటి మాత్రం కలవలేదు. పళ్లెంలో చెనిక్కాయ వాసన తగిలితే చెయ్యి అడ్డం పెట్టేది.

నీలావతి ఫరీన్ తొట్లెలో ఉండగానే ఇల్లు ఖాళీ చేసి కొత్తచెరువులో కూతురి దగ్గర ఉంటోంది. రెండువేల ఆరులో ఏదో పనిమీద వచ్చి, చాంద్‌బీని చూసిపోదామని ఇంట్లోకి వచ్చింది. కుళ్లాయమ్మ బొరుగులు నానబెట్టి ఉగ్గాని చేసి, గింజలు వెయ్యకుండా అత్తకు వేరే తీసిపెట్టడం చూసింది.

"అదేంది, ఇంకా వేరే తీస్తాండావు? మొక్కు తీర్చినారు కదా?"

కుళ్లాయమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. నీలావతికి ఒక నిమిషం పట్టింది అర్థం కావడానికి.

"పద్నాలుగేండ్లా! నీకు చెప్పి పదకొండేండ్లు. నువ్వు మనిషివేనా కుళ్లాయమ్మా?"

తినకుండానే లేచిపోయింది నీలావతి. ఆ తిట్టు పడ్డాక కుళ్లాయమ్మ సాయంత్రం లాల్‌సాబ్ దగ్గర కూర్చుని మొత్తం చెప్పేసింది. అరుగుమీది మాట, మొక్కు, పడదంట అనే అబద్ధం, రైల్లో క్యారియరు. ఆయన పరుపు అంచు కుడుతూ వింటున్నవాడు మధ్యలో సూది ఆపేశాడు. కొడతాడేమో, కొట్టినా బాగుండు అనుకుంది ఆమె. ఆయన దారం పళ్లతో తెంపి, సూది పరుపుకు గుచ్చాడు.

"ఎల్లుండి గురువారం. పోదాం పా" అన్నాడు. ఆ రెండు రోజులూ ఆమెతో మళ్లీ మాట్లాడలేదు.

గురువారం పొద్దున్నే కుళ్లాయమ్మ తలస్నానం చేసి గింజలు వేయించింది. మాడకుండా సన్నని సెగమీద. పొట్టు ఊదేసింది. పళ్లు లేని నోరు కదా అని మెత్తగా దంచి, బెల్లం చేర్చి మళ్లీ దంచింది. దంచుతున్నంతసేపూ కొత్తలో ఆ రోటి దగ్గరే అత్త నోట్లో పెట్టిన సంగటి ముద్ద గుర్తొస్తూనే ఉంది. నలుగురూ బస్సులో పెనుకొండ చేరారు. దర్గా ఆవరణలో చాంద్‌బీని నీడలో కూర్చోబెట్టారు. దర్గాలో సేవ చేసే ముజావరు ప్రార్థన చదివి పళ్లెం తిరిగి ఇచ్చాడు. కుళ్లాయమ్మ అత్త ఎదుట మోకాళ్లమీద కూర్చుంది. పదకొండేళ్ల ఫరీన్‌ను పక్కన నిలబెట్టుకుంది. చిన్న ముద్ద తీసి అత్త నోటి దగ్గర పెట్టింది.

"తిను అత్తా. మొక్కు తీరిపాయ. ఇదో, నీ మనవరాలు."

చాంద్‌బీ పెదాలు బిగించి మొహం పక్కకు తిప్పుకుంది.

"నేను తినకూడదమ్మా. మా కోడలు పెట్టల్ల."

"నేనే అత్తా, కుళ్లాయమ్మను."

చాంద్‌బీ ఆమె మొహంలోకి చూసి, చిన్నపిల్లను చూసినట్టు నవ్వింది. "నువ్వు కాదులే. మా కోడలు సిన్నపిల్ల. దానికి ఇంత తల నెరిసిండ్లేదు. దానికి బిడ్డ పుట్టల్ల. బిడ్డనెత్తుకొచ్చి, అది పెడితే తింటా. అంతదాకా ముట్టేది ల్యాదు."

"అమ్మా, కుళ్లాయమ్మే పెడ్తాండేది" అన్నాడు లాల్‌సాబ్.

"నువ్వు గమ్మునుండప్పా. మొక్కు సంగతి మగోళ్లకేం తెలుసు."

ఫరీన్ కూడా చెప్పింది, నేను నీ మనవరాల్ని అవ్వా అని. పిల్ల తల నిమిరింది గానీ నోరు తెరవలేదు. పళ్లెం ఒళ్లో పెట్టుకుని కుళ్లాయమ్మ అట్లాగే కూర్చుండిపోయింది. పదకొండేళ్లు అడగాలనుకున్న మాట, ఇంకొకరి మాదిరి అడిగితేనే ఇప్పుడు జవాబొస్తుందని తోచింది.

"అన్ని ఉండగా చెనిక్కాయలే ఏంటికి ఇడిసినావవ్వా?"

చాంద్‌బీ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"ఆ కాయ చేతిలో పట్టుకొనే దాన్ని ఒక మాటన్యా. అది ఇనింది. దాని మొగం సూసినా నేను. తప్పయిందని చెప్పల్లని ఎన్నితూర్లు పోయినానో దాని దగ్గరికి, ఈ పాడు నోరు పెగల్లా. అందుకే, ఆ మాటన్న నోటికి ఆ కాయ లేకుండా చేసినా."

 ఏ మాట రావాలని కుళ్లాయమ్మ ఇన్నేళ్లు పట్టుబట్టి కూర్చుందో, ఆ మాట పద్నాలుగేళ్లుగా రోజూ తన పొయ్యి దగ్గరే, పక్కకు తీసిపెట్టిన ఆ చిన్న గిన్నెలో ఉంది. తానే రోజూ నూరి, తానే రోజూ వడ్డించింది.

"కోడలికి నీ మింద కోపమా?" అని ఎట్లాగో అడిగింది.

"ఉండాది. ఉండనీ పాపం. కడుపు కాలినపిల్ల. ఒగనాడు అదే వస్తాది. నేను ఇట్లంటినని దానికి చెప్పేవు, అడిగినట్లయితాది. అడక్కూడదు."

కుళ్లాయమ్మ ఏడ్చింది. మొగుడు చూస్తున్నాడని, కూతురు చూస్తోందని లేకుండా, దర్గాకు వచ్చినవాళ్లు ఆగి చూసేలా ఏడ్చింది. చాంద్‌బీ కంగారుపడి ముందుకు వంగింది. కోడలి ఒళ్లోని పళ్లెంలోంచి ఇంత ముద్ద తీసి ఆమె నోట్లో పెట్టింది.

"ఏడ్సొద్దమ్మా. పొద్దన్నుంచి తిన్యావో ల్యాదో. నువ్వు తిను."

కుళ్లాయమ్మ తిన్నది. చాంద్‌బీ తన వేళ్లకు అంటిన పొడిని కొంగుతో ఒక్కొక్క వేలే తుడుచుకుంది. పొరపాటున కూడా నోటికి తగలకుండా, గోళ్ల సందులు కూడా తుడుచుకుంది.